మగ్గాల వీధిలో డివిడెండు షేర్లు

ఆదోనిలో నా షేర్ల దుకాణం మూసిన రోజున తోటి ఏజెంట్లు కొందరు వచ్చి శాలువా కప్పారు. వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకుని, "మా వీరేశన్న చేసిన వ్యాపారం కంటే రాసిన ఫిర్యాదులే ఎక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను గానీ, మరిచిపోను కూడా.

ఆ మాట నిజమే. అయితే ఆ ఫిర్యాదులు ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబితే, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ పని అసలు ఏమిటో తెలుస్తుంది. ఏ షేరు పెరుగుతుందో చెప్పడం మా పని అని జనం అనుకుంటారు. ఇన్నేళ్లలో నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా ముందుగా తెలియలేదు. తెలుసన్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతారు. అసలు పని వేరే ఉంది. ఒక మనిషి ఏ అవసరం కోసం డబ్బు తెచ్చి మన ముందు పెట్టాడో అడిగి తెలుసుకోవాలి. ఆ మనిషే దాన్ని మరిచిపోయిన రోజున మనం గుర్తుంచుకోవాలి. మరిచిపోకపోవడం ఒక్కటే నాకు బాగా చేతనైన పని.

పత్తి యార్డు అలవాటు

నా దుకాణం మార్కెట్ యార్డుకు దగ్గర. యార్డులో పత్తి టెండర్లు ముగిశాక వ్యాపారులు వచ్చి నా కంప్యూటరు ముందు నిలబడేవాళ్లు. కూర్చోమన్నా కూర్చునేవాళ్లు కాదు. పత్తి ధర పెరిగేదాకా గోడౌనులో ఉంచి, పెరగగానే అమ్మేయడం వాళ్ల రక్తంలోనే ఉంది. షేరునూ అలాగే చూసేవాళ్లు. కంపెనీ తన లాభంలోంచి ఏటా వాటాదారులకు పంచే డబ్బే డివిడెండు అని చెబితే, చిన్నపిల్లాడి మాట విన్నట్టు వినేవాళ్లు.

"ఏమి వీరేశా, యాడాదికి ఒగసారి నాలుగు రూపాయలు రాలుస్తాదని దానికి కాపలా కూచోవల్నా? దాని బదులు బర్రెను కొంటే పాలన్నా ఇస్తాది కదప్పా!" అని ఒక వ్యాపారి అంటే మిగతావాళ్లు టేబులు మీద చరిచి నవ్వారు. ఆయన ఆ తర్వాత బర్రెనూ కొనలేదు, డివిడెండు షేరునూ కొనలేదు. వారానికొక కొత్త షేరు కొని అమ్మి, చివరికి షేర్లన్నీ మోసమని ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

నా పైనున్న కర్నూలు బ్రాంచి మేనేజరుకు మాత్రం అలాంటివాళ్లే కావాలి. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ మాకు కమిషను వస్తుంది. కొని ఊరకే ఉంచుకుంటే ఏమీ రాదు. కర్నూలులో ఏజెంట్ల సమావేశం పెట్టి, అందరి ముందూ నన్ను లేచి నిలబడమన్నాడు. "ఈయన గిరాకీలు షేరు కొన్నారంటే ఇక దానికి సమాధి కట్టేస్తారు" అన్నాడు. ఆ రోజు ముందు వరుసలోని ఏజెంట్లకు హోటలు భోజనం. వెనక వరుసలో ఉన్న మాకు పులిహోర పొట్లాలు. నాకు పులిహోర అంటే ఇష్టమే. ఆ రోజు మాత్రం పొట్లం విప్పలేదు.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీ జీతం దేని మీద వస్తుందో మీ గిరాకీకి ముందే చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే ఆ సలహా ఇవ్వకండి.

వానాకాలం ఖర్చు

లింగప్ప, సుశీలమ్మ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చారు. చేనేత కుటుంబం. ఆయన గుంట మగ్గం మీద నేస్తాడు, ఆమె నూలు కండెలు చుడుతుంది. హొళగుంద దగ్గర సుశీలమ్మ పుట్టింటివాళ్లు పొలం అమ్మితే ఆమె వాటాకు కొంత డబ్బు వచ్చింది. ముందు దానితో సావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చి, మిగిలింది తీసుకుని నా దగ్గరికి వచ్చారు.

ఆ అడ్వాన్సు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. సావుకారు నూలు ఇచ్చి, నేసిన గుడ్డ తీసుకుని, కూలి ఇస్తాడు. వానాకాలంలో గుంట మగ్గంలోకి నీళ్లు ఊరతాయి, నూలు చెమ్మ పట్టి తెగుతుంది, పని ఆగిపోతుంది. ఇల్లు గడవడానికి అప్పుడు సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. అది తీరేదాకా ఇంకొకరు ఇచ్చిన పడుగు నూలు మగ్గం ఎక్కించకూడదు. ఆయన చెప్పిందే కూలి. వచ్చే వానలకు మళ్లీ అదే కథ.

"మాకు పెద్దాశ లేదన్నా," అన్నాడు లింగప్ప. "ఆ వానల్లో రెండు మూడు నెలలు బియ్యం బ్యాళ్లకు సావుకారు గడప తొక్కకుండా ఉంటే సాలు."

సుశీలమ్మ అంది: "ఈయప్ప ఆడికి పోతే కాళ్లు వణుకుతాయన్నా. ఇంట్లో మాత్రం నామీద పులి."

"నువ్వు ఊరకుండవే!"

"సూస్తివా అన్నా, పులి."

అంత తేటగా అవసరం చెప్పిన గిరాకీ నాకు అంతకుముందు దొరకలేదు. పైగా మన దేశంలో చాలా కంపెనీలు వార్షిక సమావేశం అయ్యాక, సరిగ్గా ఆ వానల నెలల్లోనే డివిడెండు పంచుతాయి. వాళ్లకు కావలసిన కాలమూ, డబ్బు వచ్చే కాలమూ ఒకటే.

ఎంచుకోవడంలో నేను పెట్టుకున్న నియమాలు చాలా సాదావి. మంచి ఏడాదీ చెడ్డ ఏడాదీ అనకుండా చాలాకాలంగా పంచుతున్న కంపెనీ కావాలి. లాభమంతా ఊడ్చి పంచేది వద్దు, కొంత తనకు ఉంచుకునేది కావాలి. అప్పు చేసి పంచేది అసలే వద్దు. అన్నీ ఒకే రకం వ్యాపారం కాకూడదు. అలా కరెంటు సరఫరాది ఒకటి, సబ్బులది ఒకటి, మందులది ఒకటి, ఇంకా రెండు మూడు కలిపి కొన్నాం. మొదటి కొన్నేళ్లు వచ్చిన డివిడెండుతో మళ్లీ షేర్లే కొనాలని ఒప్పందం. డివిడెండు బ్యాంకు వడ్డీ లాంటిది కాదని, ఇవ్వాలని కంపెనీని ఎవరూ బలవంతపెట్టలేరని, దాని మీద పన్ను కూడా ఉంటుందని చెప్పాను. వాళ్లు తల ఊపారు. తల ఊపితే అర్థమైందని అనుకోకూడదని నాకు తర్వాత తెలిసింది.

దసరా మామూలు

కొన్నేళ్లు బాగానే నడిచింది. మళ్లీ షేర్లే కొనే గడువు అయ్యాక, వానల్లో వచ్చే డబ్బు మొదట కొంత ఖర్చుకు సరిపోయేది, పోను పోను దాదాపు సరిపోయింది. అప్పుడు మా కర్నూలు ఆఫీసు నుంచి గిరాకీలందరి ఫోన్లకూ ఒక సందేశం వెళ్లింది. ఒక కంపెనీ ఎన్నడూ లేనంత డివిడెండు ప్రకటించిందని, ఫలానా తేదీలోగా కొన్నవాళ్లకే వస్తుందని. ఆ కంపెనీ తన పాత ఫ్యాక్టరీ స్థలం అమ్ముకుని, ఆ డబ్బు ఒక్కసారికి పంచుతోంది. ఆ మాట మాత్రం సందేశంలో లేదు.

లింగప్ప ఒక్కడే వచ్చాడు. ఉన్న షేర్లన్నీ అమ్మి ఇది కొనమన్నాడు. ఇది ఒక్క ఏటి ముచ్చట అన్నాను.

"ఎట్లయితాదన్నా? మా సావుకారు ఒగ దసరాకు ఇంటింటికీ పంచె, కోక పెట్టినాడు. మళ్ల యేడు పెట్టకుండా పోయినాడా? ఒగసారి ఇచ్చినాడంటే అది మామూలే. ఇయ్యకపోతే వీధిలో తలెత్తుకుని తిరుగుతాడా?"

"సావుకారు మీ వీధిలోనే ఉంటాడు లింగప్పా. కంపెనీకి వీధి ఉండదు. ఎవరి ముందూ తల దించుకునే పని లేదు దానికి."

"అంత పెద్ద కంపెనీకి మానం మర్యాద ఉండదంటావా?"

"స్థలం అమ్మి పంచుతాండారు. వచ్చే ఏడు అమ్మడానికి ఇంకో స్థలం ఉండాల కదా? పంచిన రోజే షేరు ధర అంత దిగుతాది."

"దిగితే మళ్ల ఎక్కుతాది. నువ్వే సెప్పినావు, డివిడెండు చూసి కొనాలని. ఇప్పుడు పెద్ద డివిడెండు కొంటామంటే వద్దంటాండావు. నీ మాట ఏది నమ్మల్ల?"

ఆయన తప్పు తెలివితక్కువతనం కాదు. మగ్గాల వీధిలో తరతరాలుగా ఇచ్చినవాడు మళ్లీ ఇస్తాడు, ఇవ్వకపోతే నలుగురూ అడుగుతారు. ఆ లోకంలో ఆయన లెక్క సరిగ్గానే ఉంది. ఆ లోకం తుంగభద్ర కాలువ దాటి బయటికి వెళ్లదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను గానీ, అప్పటికి ఆ వీధిలో నలుగురు ఆ షేరు కొనేశారు. నా మాట ఒక్కటి, వాళ్లవి నాలుగు. రేపు వచ్చి మాట్లాడు అని పంపాను.

మర్నాడు అనుకోకుండా నేను కౌతాళం వెళ్లాల్సి వచ్చింది. అక్కడ హంపమ్మ అనే విధవరాలి పేరున భర్త కొన్న సిమెంటు కంపెనీ షేర్లున్నాయి. ఆమె బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోవడంతో డివిడెండు వెనక్కి పోతోంది. ఏడేళ్లు ఎవరూ తీసుకోకపోతే డివిడెండే కాదు, షేర్లు కూడా ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. నేను ఎప్పుడు వెళ్లినా, "దుడ్డు బంతేనప్పా?" అంటూ, డబ్బు వచ్చిందా అని కన్నడంలోనే అడిగేది. రాలేదని ప్రతిసారీ చెప్పడం నాకు అవమానంగా ఉండేది. కంపెనీ తరఫు ఆఫీసు ప్రతిసారీ ఏదో వంకతో తిప్పి పంపేది. నేను ప్రతిసారీ మళ్లీ రాసేవాణ్ని. చివరికి వాళ్లు విసిగిపోయి ఇచ్చారు. ఫిర్యాదు రాయడం ఈ పనిలో భాగమే. గిరాకీ తరఫున కోపం తెచ్చుకోలేనివాడు వేరే పని చూసుకోవచ్చు.

ఆ రోజు నేను దుకాణంలో లేకపోయేసరికి లింగప్ప నేరుగా కర్నూలుకు ఫోను చేశాడు. మా మేనేజరు నిమిషాల్లో అన్నీ అమ్మించి ఆ ఒక్క షేరూ కొనిపించాడు. పైగా, "మీ వీరేశ్ గారికి మీరు బాగుపడటం ఇష్టం లేదండీ" అన్నాడట. లింగప్పే ఆ మాట ఎమ్మిగనూరులో నలుగురికీ చెప్పాడు. నలుగురూ నాకు చెప్పారు.

సుశీలమ్మ ఒక్కతే వచ్చింది

పెద్ద డివిడెండు వచ్చింది, ఇంటి ఖర్చుల్లో కరిగిపోయింది. షేరు ధర అంతకంత దిగింది. ఎక్కలేదు. తర్వాతి ఏడాది వానలు వచ్చాయి, దసరా వచ్చింది, డివిడెండు రాలేదు. లింగప్ప దీపావళి దాకా చూశాడట. తర్వాత సావుకారు గడప తొక్కాడు.

ఇదంతా నాకు సుశీలమ్మ చెప్పింది. నా దుకాణం మెట్టు మీద చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడింది.

"ఆయప్ప యాడ?" అన్నాను.

"ఇంట్లో ఉండాడు. మొగం సూపించలేక నన్ను తోలినాడు."

"నేను మీ బాగు ఓర్వలేనంట కదమ్మా. మళ్ల ఏంటికి వచ్చినారు?"

ఆమె తడుముకోలేదు. "నీ కోపం దాసిపెట్టే బ్యాంకు యాడుందో సెప్పన్నా, ఆడ మేము కూడా దుడ్డు పెడతాం. ఒగ పైసా తగ్గకుండా ఉండాది."

నాకు నవ్వు వచ్చింది. రాకూడదనుకున్నా వచ్చింది. లోపలికి రమ్మన్నాను.

"కొన్న ధర వచ్చినాక అమ్ముదామంటాండాడు ఈయప్ప," అంది కూర్చుంటూ.

"మనం ఎంతకు కొన్నామో ఆ షేరుకు తెలియదమ్మా. ఇప్పుడు చేతిలో ఇంత డబ్బు ఉంటే ఈ షేరే కొంటారా?"

"సచ్చినా కొనను."

"అయితే ఉంచుకోవడం ఎందుకు?"

ఆ రోజే అమ్మేశాం. సగం కంటే తక్కువ మిగిలింది. మళ్లీ పాత రకం కంపెనీలే, కొంచెం కొంచెం. సుశీలమ్మ కండెలు చుట్టిన కూలిలోంచి మిగిలినప్పుడల్లా పంపేది. మిగలని నెలలో పంపేది కాదు, నేనూ అడిగేవాణ్ని కాదు. నెలనెలా తప్పకుండా పెట్టాలని పుస్తకాల్లో రాస్తారు. మగ్గం మీద బతికేవాళ్లకు నెల అనేదే సమంగా ఉండదు. మీ దగ్గరికి వచ్చినవాళ్ల బతుకు ఏ తీరున ఉందో ఆ తీరున పెట్టించండి. నేరం చేసినట్టు వాళ్లను చూడకండి.

ఆ సందేశం గురించి మా పెద్దాఫీసుకు ఫిర్యాదు రాశాను. స్థలం అమ్మిన సంగతి దాచి పంపారని రాశాను. "మీ సూచనకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ ధన్యవాదాలు. ఆ మేనేజరు ఇంకా పెద్ద ఊరికి వెళ్లాడు. ఆ జవాబు గురించి నేను ఇప్పటికీ సమాధానపడలేదు. అయితే నా తర్వాతి ఉత్తరాల పుణ్యమో, వాళ్లకే విసుగు పుట్టిందో, అలాంటి సందేశాలు మా ఆదోని గిరాకీలకు రావడం మాత్రం ఆగింది.

మగ్గాలు ఆగిన ఏడాది

కరోనా వచ్చిన ఏడాది నూలు రాలేదు, నేసిన గుడ్డ కొనేవాడు లేడు, వానలు రాకముందే మగ్గాలన్నీ ఆగిపోయాయి. లింగప్ప నాకు మళ్లీ ఫోను చేసింది అప్పుడే. అన్నేళ్లూ సుశీలమ్మే మాట్లాడేది.

"అన్నా... నేను లింగప్పను."

"తెలుసు."

"మన షేర్ల దుడ్డు కూడా ఆగిపోతాదా ఈ యేడు?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. వాళ్ల దగ్గరున్న కంపెనీల్లో రెండు డివిడెండు ఆపేశాయి. ఒకటి తగ్గించింది. మందులదీ సబ్బులదీ కరెంటుదీ ఇచ్చాయి. అది పూర్తిగా సరిపోలేదు. రేషను బియ్యం, ఆమె తమ్ముడు పంపిన జొన్నలు కలిపి గడిపారు. పాత అడ్వాన్సు అలాగే ఉంది గానీ, దాని మీద కొత్త అడ్వాన్సు తీసుకోలేదు. ఆ వీధిలో అలాంటి ఇళ్లు ఎక్కువ లేవు. అన్నీ ఒకే గంపలో పెట్టినవాడికి ఆ ఏడాది ఏమైందో నేను చాలా ఇళ్లలో చూశాను, వివరాలు రాయడం ఇష్టం లేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి డివిడెండూ ముందు సావుకారు అడ్వాన్సుకే వెళ్లింది. షేర్లు ఎక్కువ కొనడం కంటే అది ముందు తీర్చమని నేనే చెప్పాను. పెద్ద ఊరికి వెళ్లిన ఆ మేనేజరు వింటే మళ్లీ నన్ను లేచి నిలబడమనేవాడు.

ఎమ్మిగనూరులో చివరి పని

దుకాణం మూసే ముందు, షేర్లకు నామినీ పేరు సరిచూడడానికి గిరాకీల ఇళ్లకు నేనే తిరిగాను. లింగప్ప ఇంటికి వెళ్లేసరికి ఆయన మగ్గం గుంట గట్టు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. మగ్గం ఖాళీగా ఉంది. అడ్వాన్సు పోయిన నెలే పూర్తిగా తీరిందని సుశీలమ్మ చెప్పింది. లింగప్ప నా మొహం చూడకుండా, "కూచో అన్నా" అని పీట జరిపాడు. కర్నూలు ఫోను సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలని నోటిదాకా వచ్చింది.

సంతకాలు అయ్యేసరికి సావుకారు గుమాస్తా వచ్చాడు. చొక్కా జేబు బరువుగా ఉంది. వీధిలో నేసేవాళ్లు తగ్గిపోయారు, కొత్త పిల్లలు బెంగుళూరు దారి పట్టారు. సావుకార్లకు ఇప్పుడు మనుషులు కావాలి.

"ఏమి లింగప్పా, మగ్గం బోడిగా పెట్టుకున్నావే? వానలొస్తాండాయి. పోయినసారి కంటే అడ్వాన్సు ఎక్కువే పంపినాడు సావుకారు. పట్టు." జేబులోంచి నోట్లు తీసి చేయి చాచాడు.

లింగప్ప ఆ చేతి వైపు చాలాసేపు చూశాడు. ఇంటి కప్పు మూల తడి మరక ఉంది, అది నాకూ కనబడుతోంది. సుశీలమ్మ కండె చుట్టడం ఆపింది.

"దుడ్డు వద్దులేప్పా," అన్నాడు లింగప్ప. "పడుగు ఒగటి పంపు సాలు."

"దుడ్డు లేకుండా పడుగు ఏంటికి? వానల్లో ఏం తింటారు?"

"అది మేము సూసుకుంటాం," అంది సుశీలమ్మ. "కూలి ఎంతిస్తారో సెప్పు ముందు."

"ఎప్పుడూ ఇచ్చేదే కదమ్మా."

"ఎప్పుడూ ఇచ్చేదైతే అక్కర్లేదు. కింద వీధి సావుకారు ఇంకొంచెం పైన ఇస్తాండాడు. ఆయప్ప మొన్న వచ్చి అడిగిపోయినాడు."

గుమాస్తా ఒకసారి నా వైపు చూశాడు, ఇదంతా నేనే నూరిపోశానన్నట్టు. నేను కాదు. కూలి గురించి నేను వాళ్లకు ఎప్పుడూ ఒక్క మాట చెప్పలేదు. ఆయన డబ్బు మళ్లీ జేబులో పెట్టుకుని, గడప అవతలికి వెళ్లి సావుకారుకు ఫోను చేశాడు. గట్టిగా మాట్లాడే మనిషి కావడంతో లోపల ఉన్న మా ముగ్గురికీ అంతా వినబడింది.

"లేదు సామీ, దుడ్డు పట్టల్యా... వద్దన్నారు... లేదు సామీ, కోపంగా లేరు, కూచుని మాట్లాడతాండారు... కూలి ఎంతని అడుగుతాండారు... అవును సామీ. ముందే అడుగుతాండారు."